కుంట ఎండినా మళ్లీ పరిగె చేపలు ఎక్కడి నుంచి వస్తయి?

శిఖం_నేల · జూన్ 19, ఉదయం 7:10

నల్లగొండ, దేవరకొండ దిక్కు కుంటలు ఏప్రిల్ ఆఖరుకే నెర్రెలు బాస్తయి. బురద కూడా మిగలదు. మిరుగం (మృగశిర కార్తె) పోయినంక రెండు మూడు గట్టి వానలు పడి, నీళ్లు నిండి మత్తడి (అలుగు) దుంకిన వారం పదిరోజులకే బొటనవేలంత పరిగెలు అంచుకు తళతళ మెరుస్తుంటయి. విత్తనం ఎవరూ పొయ్యలే. ఎట్ల వచ్చినయంటే ఊర్లె మూడు జవాబులున్నయి. వానతో పాటు పైనుంచి పడ్డయని కొందరు. గుడ్లు మట్టిల ఉండి తడి తగలంగనే పొదిగినయని కొందరు. కొంగల కాళ్లకు అంటుకొని వచ్చినయని ఇంకొందరు. బడి పిల్లలతోని చెరువు ప్రాజెక్టు రాయించాలె, తప్పు రాయిస్తే బాగుండదు. ఏది నిజం? ఇంకోటి, మనం పరిగె అనేది ఒక్క చేపేనా?

కృష్ణా_పాయ · జూన్ 19, ఉదయం 8:35

మంచి ప్రశ్న. జవాబు చేప పొడవులోనే ఉంది.

నీళ్లు వచ్చిన పది రోజులకు కనిపించినవి బొటనవేలంత, అంటే 5 నుంచి 6 సెంటీమీటర్లు ఉన్నాయంటున్నారు. పరిగె గుడ్డు పొదగడానికి ఒక రోజు, ఒకటిన్నర రోజు చాలు. కానీ పొదిగిన పిల్ల వెంట్రుక మందం, కొద్ది మిల్లీమీటర్ల పొడవు. అది 5 సెంటీమీటర్లు కావడానికి నెలలు పడుతుంది. కాబట్టి పది రోజుల కుంటలో ఉన్న బొటనవేలంత చేప ఆ కుంటలో పుట్టింది కాదు. ఎదిగిన చేపగానే ఎక్కడి నుంచో ఈదుకుంటూ వచ్చింది. మట్టిలో గుడ్లు అనే మాట ఇక్కడితో పోతుంది.

మట్టిలో ఎండను తట్టుకునే గుడ్లు పెట్టే చేపలు లోకంలో లేకపోలేదు. ఆఫ్రికాలో నోథోబ్రాంకియస్ అనే చిన్న చేపలు అలాగే బతుకుతాయి. గుంట ఎండిపోతుంది, తల్లిదండ్రులు చనిపోతాయి, గుడ్లు మట్టిలో నిద్రపోయి వాన రాగానే పొదుగుతాయి. పరిగె ఆ జాతి కాదు. కార్పు కుటుంబపు చేప. దాని గుడ్డుకు ఎండను తట్టుకునే పొర లేదు, నీళ్లు తగ్గి ఆకు మీద ఆరిపోతే ఆ రోజే చస్తుంది.

తల్లి చేపలు బురదలో దాక్కుంటాయా అంటే, అదీ లేదు. బొమ్మె (కొర్రమీను), మార్పు, మలుగు నేరుగా గాలి పీల్చగలవు కాబట్టి తడి బురదలో కొంతకాలం నెట్టుకొస్తాయి. పరిగెకు మొప్పలు తప్ప వేరే ఆధారం లేదు. నీళ్ల నుంచి బయట పడితే ఆ మొప్పల రెక్కలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, గాలి ఉన్నా ఊపిరాడదు. పూర్తిగా ఎండిన కుంటలో ఒక్క పరిగె కూడా మిగలదు.

మత్తడి_కాడ · జూన్ 19, ఉదయం 9:20

సార్ చెప్పింది నిజం. వచ్చేది కింది నుంచి. ఎదురెక్కుడు అంటం గదా, అదే. మత్తడి దుంకి నీళ్లు కింది ఒర్రెల (చిన్న వాగుల) పడంగనే ఒర్రె గుంతలల్ల ఉన్న పరిగెలన్నీ మూతి పైకి పెట్టి నీళ్లకు ఎదురు పోతయి. పొద్దుమూకినంక, రాత్రి, తెల్లారుగట్ల ఎక్కువ. మొదటి రెండు మూడు మత్తళ్లకే జోరు. ఆగస్టుల మత్తడి పడ్డా అంత ఎక్కయి.

పై నుంచి కూడ వస్తయి. పైకుంట అడుగున ఊటబావో, ఇటుక బట్టీకి మట్టి తోడిన గుంతో ఉంటే ఎండకాలం అంతా అండ్ల బతికి, కుంట నిండినంక మత్తడి మీదికెల్లి కిందికి జారుతయి. ఊర్ల కుంట ఎండిందంటే పరిగె పోయిందని కాదు. గొలుసుల ఎక్కడన్న ఒక్క మడుగు మిగిలితే సాలు.

లకుముకి · జూన్ 19, ఉదయం 11:05

కొంగల మాటను మాత్రం పూర్తిగా కొట్టేయొద్దు. కాళ్లకు అంటుకొని వస్తాయన్నదానికి గట్టి ఆధారం లేదు, పొట్టలో రావడానికి ఉంది. 2020లో హంగేరీలో చేసిన ప్రయోగంలో బాతులకు రెండు రకాల కార్పు చేపల గుడ్లు తినిపించి, రెట్టలో వెతికారు. వెయ్యి గుడ్లకు సుమారు రెండు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి, వాటిలో కొన్ని పిల్లలయ్యాయి కూడా. అవి పరిగె గుడ్లు కావు, బంగారు తీగ వంటి కార్పులవి. ఏ వాగుతోనూ సంబంధం లేని క్వారీ గుంతలో చేప కనిపిస్తే ఈ దారి ఆలోచించొచ్చు. పది రోజుల్లో వందల కొద్దీ ఎదిగిన పరిగెలకు ఇది జవాబు కాదు.

వానతో పడడం గురించి: సుడిగాలి నీటిని లేపినప్పుడు చిన్న చేపలు దూరంగా పడిన సందర్భాలు లోకంలో ఉన్నాయి, చాలా అరుదు. మన దగ్గర వాన వెలిసిన పొద్దున చెలకలో, బండ్ల బాటలో చేప దొరికితే అది ఆకాశం నుంచి పడింది కాదు. రాత్రి పారిన నీటికి ఎదురెక్కి, నీళ్లు తగ్గగానే అక్కడ చిక్కుకుపోయింది. అది దొరికిన చోటు నుంచి పల్లానికి నడిస్తే ఒర్రె తగులుతుంది.

కృష్ణా_పాయ · జూన్ 19, మధ్యాహ్నం 1:40

ఇక రెండో ప్రశ్న, పరిగె ఒక్క చేపేనా అన్నది. కాదు. పరిగె అన్నది ఒక గుంపు పేరు. కొన్ని ఊళ్లలో చిన్న చేపలన్నిటినీ కలిపి పరకలు అనేస్తారు, అప్పుడు ఇంకా కలగాపులగం. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెరువుల్లో పట్టిన బుట్ట ముందు పెట్టుకుంటే ఇలా వేరు చేయాలి.

ముందు పెదవి మూల చూడండి, మీసాలున్నాయా? కంటికి ఆనకపోతే భూతద్దం పెట్టండి. తరువాత వీపు రెక్క ముందున్న గట్టి ముల్లు వెనక అంచు మీద సూదిని మెల్లగా, ముల్లు కొన నుంచి మొదలు దాకా లాగండి. రంపంలా గరగర తగిలిందా, నున్నగా జారిందా? చివరగా పక్క గీత. మొప్ప మూత వెనక నుంచి తోక దాకా పొలుసుల మీద సన్నని రంధ్రాల వరుస ఉంటుంది. అది తోక వరకు పోయిందా, మధ్యలో ఆగిందా?

మీసాలు లేవు, ముల్లు నున్నగా ఉంది, పక్క గీత తోక దాకా ఉంది, తోక మొదట్లో గుండ్రని నల్ల చుక్క, వీపు రెక్క అడుగున ఇంకో మచ్చ: ఇది పుంటియస్ సోఫోర్. మన కుంటల్లో మెరిసేది ఎక్కువగా ఇదే. పక్క గీత మీద పొలుసులు 23 నుంచి 26 దాకా వస్తాయి. జత కట్టే రోజుల్లో మగదానికి ఒంటి పక్కన ఎర్రటి పట్టీ తేలుతుంది.

మీసాలు లేవు కానీ ముల్లు రంపంలా ఉంది, పక్క గీత ఆరేడు పొలుసులకే ఆగిపోయింది, నల్ల చుక్క ఒకటి మొప్ప వెనక, రెండోది తోక వైపు కింది రెక్కకు పైన ఉంది: ఇది పెథియా టిక్టో. చేప ఇంకా చిన్నది. 2012 దాకా దీన్నీ పుంటియస్‌లోనే లెక్కపెట్టేవారు, ఆ ఏడు పెథియా అనే ప్రజాతిని వేరు చేశారు. పాత పుస్తకాల్లో పుంటియస్ టిక్టో అని కనిపిస్తే రెండూ ఒకటే.

ఒక జత మీసాలుండి ముల్లు నున్నగా ఉంటే పుంటియస్ చోలా. రెండు జతల మీసాలు, రంపపు ముల్లు ఉండి, పెరిగితే జానెడు దాటేది గండె పరిగె, దాని శాస్త్రీయ నామం సిస్టోమస్ సరానా. గండె పరిగె పిల్లను చాలామంది మామూలు పరిగె అనుకుంటారు. మీసాలు లెక్కపెడితే ఆ తప్పు జరగదు.

చేదు పరిగె అనే పేరుతో జాగ్రత్త. కొన్నిచోట్ల సోఫోర్‌ను, కొన్నిచోట్ల చోలాను అంటారు. పిల్లల పట్టికలో ఊరి పేరు ఒక గడిలో, మీసాలు ముల్లు చూసి తేల్చిన పేరు పక్క గడిలో రాయించండి.

గాజుతొట్టి · జూన్ 19, సాయంత్రం 6:15

అంచుకు మెరిసే వాటిలో ఇంకో మూడు కూడా కలుస్తాయి, అవి పరిగెలు కావు. కంటి నుంచి తోక దాకా ఒకే నల్ల గీత ఉన్న పొడుగు చేప రాస్బోరా డానికోనియస్. పొట్ట దాకా సాగిన పొడుగు మీసాలుండి, బకెట్‌లో వేయగానే ఎగిరి బయట పడేది ఎసోమస్. పొలుసులు మరీ సన్నగా, ఒంటికి అంటుకున్నట్టు ఉండి, పక్కన వెండి పట్టీ ఉన్నది మోలా, అంబ్లిఫారింగోడాన్ మోలా. మోలాకు ఒక వరుసలో 65కు పైనే పొలుసులుంటాయి, పరిగెకు పాతిక. అరచేతిలో పెట్టుకుంటే లెక్కపెట్టకుండానే తేడా తెలుస్తుంది.

శిఖం_నేల · జూన్ 19, రాత్రి 8:50

సోఫోర్ అన్న పేరు ఎక్కడిది సార్? పిల్లలు తప్పకుండ అడుగుతరు.

కృష్ణా_పాయ · జూన్ 19, రాత్రి 9:30

1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా తీరపు చేపల గురించి రాస్తూ పెట్టిన పేరు. అక్కడి జనం వాడే మాటనే తీసుకున్నాడు, ఆ మాటకు మూలం సంస్కృతంలోని శఫరి. మన కావ్యాల్లో నాయిక కళ్లను పోల్చే శఫరి ఇదే. పుంటియస్ కూడా బెంగాలీ పుంటి నుంచి వచ్చిందే.

ఒక పాత సుభాషితం ఉంది. అగాధమైన నీళ్లలో తిరిగే రోహితానికి గర్వం లేదు, బొటనవేలి లోతు నీళ్లలో శఫరి ఎగిరెగిరి పడుతుంది అని. రోహితం అంటే మన రవ్వ. ఆ మాట అన్నవాళ్లు మనుషుల గురించే అన్నారు కానీ చేపల సంగతి సరిగ్గా చూసి అన్నారు. రవ్వ లోతుకు పోతుంది, పరిగె అంచున గడ్డిలో ఉంటుంది. పిల్లలకు ఇది చెప్పండి, పేరు మరిచిపోరు.

తూము_షట్టర్ · జూన్ 20, ఉదయం 6:55

ఎదురెక్కడం గురించి నీటిపారుదల వైపు నుంచి లెక్క ఒకటి పెడతాను. పరిగెలు లేని కుంటలు ఎందుకు లేకుండా పోతున్నాయో దీంతో తేలుతుంది.

చిన్న చేప ఒక్క ఉదుటున ఈదే వేగం, స్థూలంగా, సెకనుకు దాని పొడవుకు పది రెట్లు. 6 సెంటీమీటర్ల పరిగె అంటే సెకనుకు 60 సెంటీమీటర్లు. అదీ కొద్ది సెకన్లే, తరువాత ఆగి ఊపిరి తీసుకోవాలి. ఇప్పుడు నీటి వేగం చూద్దాం. 2 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారిన నీరు కింద సెకనుకు 63 సెంటీమీటర్ల వేగం అందుకుంటుంది. 5 సెంటీమీటర్లకు అది మీటరు. 10 సెంటీమీటర్లకు దాదాపు మీటరు 40 సెంటీమీటర్లు. అంటే జానెడులో సగం నిటారు గోడ చాలు, పరిగెకు తలుపు మూసినట్టే. బొమ్మె అయితే తడి గడ్డిలో పాకుతూ పక్క నుంచి పోతుంది. పరిగెకు ఆ విద్య లేదు.

పాత రాతి మత్తళ్ల వెనక తట్టు గుండ్లు పేర్చిన వాలు ఉండేది. ప్రతి గుండు వెనకా నీరు నెమ్మదించి చిన్న సుడి తిరుగుతుంది, చేప అక్కడ ఆగి మళ్లీ ఉరుకుతుంది. ఆ వాలును సిమెంటుతో నున్నగా చేసి, చివర అడుగు ఎత్తు దూకుడు పెడితే కట్టడం గట్టిగానే ఉంటుంది, చేప దారి మాత్రం తెగిపోతుంది. ఒర్రెల మీద కట్టిన చెక్ డ్యాముల్లోనూ ఇదే తప్పు.

దిద్దడానికి పెద్ద ఖర్చు లేదు. మత్తడి అంతా మార్చక్కర్లేదు, ఒక మూల మీటరు, మీటరున్నర వెడల్పున ఏటవాలు చాలు. ఎత్తు ఒకటికి పొడవు ఇరవై తగ్గకూడదు, అంటే అడ్డుగోడ అర మీటరు ఎత్తుంటే వాలు 10 మీటర్లు సాగాలి. తలకాయంత గుండ్లను వరుసల్లో, ఒక వరుస సందు ఎదురుగా తరువాతి వరుస గుండు వచ్చేలా పాతండి. గుండు సగం భూమిలో ఉండాలి, లేకపోతే మొదటి వరదకే దొర్లిపోతుంది. వరుసకూ వరుసకూ నీటి మట్టం తేడా 2 సెంటీమీటర్లు దాటకుండా సరిచూడండి. ఆ మూల మత్తడి పైఅంచు మిగతాదానికంటే ఒక అంగుళం పల్లంగా ఉంటే మత్తడి సన్నగా పడే చివరి రోజుల్లో కూడా నీళ్లు అటే పోతాయి. అంగుళం అంటే నీటి నిల్వలో తేడా వస్తుంది కాబట్టి ఆయకట్టు రైతులతో ముందే మాట్లాడండి, నీటిపారుదల శాఖ అనుమతి లేకుండా మత్తడిని ముట్టుకోవద్దు.

మత్తడి_కాడ · జూన్ 20, ఉదయం 8:10

ఇంజనీరు సారు లెక్క బాగుంది. గోడ లేని కాడ ఇంకో అడ్డం ఉంది, జాలి. సర్కారు చేప పిల్లలు కొట్టుకపోతయని మత్తడికి దోమతెర అసొంటి సన్న జాలి కడుతరు. జూన్ల కడితే కిందికెల్లి వచ్చే పరిగె మొత్తం జాలి కాడ ఆగుతది, పొద్దుగాల కొంగలు, నీటికాకులు తింటయి, మిగిలింది బుట్టలల్లకు పోతది.

సర్కారు పిల్లలు ఎప్పుడొస్తయి? చెరువు నిండినంక, ఆగస్టు దాటి. కుంటకు 35-40 మిల్లీమీటర్లయి, ఏడాది పొడుగూత నీళ్లుండే చెరువుకు 80-100 మిల్లీమీటర్లయి. ఎండిన కుంటల జూన్ల ఏమున్నదని జాలి కట్టుడు? విత్తనం పోసిన దినం కట్టాలె, అంతకుముందు వద్దు. అప్పటికి పరిగె ఎక్కుడు అయిపోయి ఉంటది. ఎండకుండ నీళ్లున్న చెరువుల పాత రవ్వ (రోహు), బొచ్చ (కట్ల) పెద్దగుంటయి, వాటికి వెడల్పు కండ్ల జాలి సాలు, పరిగె అండ్లకెల్లి దూరుతది.

ఇంగ మిరుగం నాడు చేప తినాలె, మంచిదే. అయితే ఆ దినాలల్లనే పరిగె గుడ్ల మీదుంటది. మత్తడి కింద పూర్తి అడ్డంగ బుట్టలు పెట్టకుండ నడుమ మూరెడు సందు ఇడిస్తే మళ్ల ఏడాదికి పట్టుకునేటందుకు ఉంటది.

పచ్చ_వల · జూన్ 20, ఉదయం 10:40

అందరూ పరిగెను నెత్తిన పెట్టుకుంటున్నరు. మత్స్య సొసైటీ లెక్కల చూస్తే అది పనికిమాలిన చేప. బొచ్చ పిల్లలు తినే మేత అదే తింటది. విత్తనం పోసేముందు విప్ప పిండి (నూనె తీసిన విప్ప గింజల చెక్క) కొట్టి చంపుమని శిక్షణలల్ల చెప్తరు గదా?

కృష్ణా_పాయ · జూన్ 20, మధ్యాహ్నం 12:20

శిక్షణలో చెప్పింది నర్సరీ చెరువుల గురించి అన్నా. అక్కడ అది సరైన పనే. ఉగ్గు పిల్లలు, అంటే బియ్యపు గింజ కంటే చిన్నవి వదిలే గుంతలో పరిగె ఉంటే మేతలో పోటీ పడుతుంది, చిన్న పిల్లలను మింగుతుంది కూడా. అందుకే హెక్టారుకు, మీటరు లోతు నీళ్లకు, 2,500 కిలోల విప్ప పిండి వేస్తారు. అందులోని సపోనిన్ మొప్పల గుండా రక్తంలోకి పోయి ఎర్ర కణాలను పగలగొడుతుంది. విషం రెండు మూడు వారాల్లో విరిగి పిండి ఎరువుగా మిగులుతుంది. బ్లీచింగ్ పౌడర్ అయితే హెక్టారుకు 350 కిలోలు.

ఆ లెక్క ఊరి కుంటకు పెట్టి చూడండి. ఎకరానికి టన్ను. పది ఎకరాల కుంటకు పది టన్నుల పిండి. ఖర్చు పక్కన పెట్టినా, పశువులు తాగే, బట్టలు ఉతికే, కింది కుంటకు పారే నీళ్లలో అది కలపరాదు. పైగా మత్తడి మళ్లీ పడితే పరిగె మళ్లీ వస్తుంది. సర్కారు కుంటకు ఇచ్చే 35-40 మిల్లీమీటర్ల పిల్లను కూడా పరిగె మింగలేదు. మేత పోటీ కొంత ఉంటుంది, కానీ పరిగె తినేది అంచున గడ్డికి పట్టిన పాచి, పురుగుల పిల్లలు, తేలే సూక్ష్మ జీవులు అన్నీ కలిపి. బొచ్చ పైనీళ్లలోని సూక్ష్మ జీవుల మీదే బతుకుతుంది.

ఇంకో లెక్క కూడా వేయండి. బొమ్మె పెరిగేది దేని మీద? పరిగె మీదే. సంతలో బొమ్మె ధర, బొచ్చ ధర మీకు నాకంటే బాగా తెలుసు.

పచ్చ_వల · జూన్ 20, మధ్యాహ్నం 12:55

బొమ్మె మాట నిజమే. నర్సరీకి, చెరువుకు తేడా పెట్టాలన్నది ఒప్పుకుంట. మరి జిలేబి సంగతేంది? కాలువ నీళ్లు ఎత్తిపోసిన కాడల్లా అదే నిండుతది.

కృష్ణా_పాయ · జూన్ 20, మధ్యాహ్నం 2:15

అసలు భయపడాల్సింది దాని గురించే. శ్రీశైలం వెనక నీళ్లు, జూరాల నీళ్లు, సాగర్ నీళ్లు కాలువల్లో కుంటలకు వచ్చిన చోట పరిగెకు ఎండాకాలం ఆశ్రయం దొరికింది, అది మేలు. అదే దారిన తిలాపియా, అంటే మీరన్న జిలేబి, వచ్చింది. 1952లో దేశంలోకి తెచ్చిన చేప అది. మగది అంచున ఇసుకలో పళ్లెం లాంటి గుంత తవ్వి కాపలా కాస్తుంది, ఆడది గుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకొని కాపాడుతుంది. పరిగె గుడ్లు గడ్డి మీద చల్లి పోతుంది, వెనక్కి చూడదు. అదే అంచు కోసం రెండూ పోటీ పడితే ఎవరు గెలుస్తారో వేరే చెప్పక్కర్లేదు.

దోమల కోసం గంబూసియా అనే చేపను కుంటల్లో వదలడం కూడా మానాలి. 1928లో తెచ్చారు దాన్ని. చిన్న చేపల రెక్కలు కొరుకుతుంది, గుడ్లు, పిల్లలు తింటుంది. దోమ పిల్లలను పరిగె, రాస్బోరా కూడా తింటాయి. మూత లేని సిమెంటు తొట్లలో గంబూసియా పెట్టుకుంటే పెట్టుకోండి, వాగుతో కలిసే నీళ్లలో మాత్రం వద్దు.

గాజుతొట్టి · జూన్ 20, సాయంత్రం 5:30

పిల్లలకు గుడ్డు నుంచి చేప దాకా కళ్లారా చూపించాలంటే బడిలోనే చేయొచ్చు. టిక్టోతో తేలిక, సోఫోర్‌కు కొంచెం పెద్ద తొట్టి కావాలి.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు తొట్టిలో 20 సెంటీమీటర్ల మేర నీళ్లు పోయండి. కుళాయి నీళ్లయితే ఒక రోజు వెడల్పు తొట్టిలో ఆరనివ్వాలి, క్లోరిన్ పోతుంది. అడుగున గోలీలు ఒక వరుస పరచండి, లేదా 4-5 మిల్లీమీటర్ల కండ్ల ప్లాస్టిక్ జాలిని అడుగుకు రెండంగుళాల పైన అమర్చండి. గుడ్లు సందుల్లోకి జారిపోతాయి, తల్లిదండ్రులకు అందవు. ఇది చేయకపోతే పెట్టిన గుడ్లను అవే తినేస్తాయి, చాలామందికి పిల్లలు రాకపోవడానికి మొదటి కారణం ఇదే. ఒక మూల చెరువు పాచి గుత్తిగా వేయండి, ముందు బాగా కడిగి. నత్తలు, తూనీగ పిల్లలు దాంట్లో దాగి ఉంటాయి. తూనీగ పిల్ల ఒక్కటి చాలు, తొట్టి ఖాళీ చేస్తుంది.

పొట్ట ఉబ్బిన ఆడవి రెండు, రంగు తేలిన మగది ఒకటి సాయంత్రం వదలండి. నీటి వేడి 26-28 డిగ్రీలు. రెండు రోజులైనా గుడ్లు పెట్టకపోతే మూడో వంతు నీళ్లు తీసి, రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉన్న వాన నీళ్లు పోయండి. మరుసటి తెల్లారికి మగది తరమడం మొదలవుతుంది. గుడ్లు కనబడగానే పెద్దవాటిని తీసేయాలి.

24 నుంచి 36 గంటల్లో పొదుగుతాయి. పిల్లలు ఒకటి రెండు రోజులు పాచికి, గాజుకు వేలాడుతూ కదలవు, చచ్చాయనుకొని పారబోయకండి. ఈదడం మొదలైనాకే మేత. మొదటి వారం పాచితో పచ్చబడిన నీళ్లు, ఎండు గడ్డి నానబెట్టిన నీటిలో పుట్టే సూక్ష్మ జీవులు. ఉడికిన గుడ్డు పచ్చసొన వేయమంటారు, వేస్తే సూది మొన మీద నిలిచేంతే. మిగిలితే రాత్రికే నీళ్లు పాడై పొద్దుటికి అన్నీ పోతాయి. తెల్లబడిన గుడ్లు బూజు పట్టినవి, డ్రాపర్‌తో ఏరేయండి, పక్కవాటికి అంటుతుంది.

తూము_షట్టర్ · జూన్ 20, రాత్రి 7:45

గడ్డి మీద గుడ్లు అన్నారు కాబట్టి ఒక మాట. కుంట నిండిన మొదటి వారంలో శిఖం (కుంట లోపలి నేల) అంచున కొత్తగా మునిగిన గడ్డి ఉంటుంది, గుడ్లు అక్కడే. ఆ వారంలో తూము ఎత్తి మట్టం జానెడు దించితే గడ్డి బయట పడుతుంది, గుడ్లు ఎండిపోతాయి. నాట్లకు నీళ్లు కావాల్సిందే, ఆపమనడం లేదు. గుడ్డు పొదిగి పిల్ల ఈదడానికి మూడు నాలుగు రోజులే. నిండిన రోజు నుంచి నాలుగు రోజులు ఆగి తూము ఎత్తినా నారుకు నష్టం ఉండదు.

పూడిక తీసేటప్పుడు కూడా అంతే. నడుమ లోతు చేయడం మంచిదే, అదే వేసవిలో మడుగుగా మిగులుతుంది. జేసీబీతో అంచును గోడలా కోస్తే మాత్రం గడ్డి మునిగే వాలు పోతుంది.

లకుముకి · జూన్ 20, రాత్రి 8:20

వేసవి మడుగు ఒక్కటి మిగిలినా అందులో చేపలు తెల్లారుజామున పోతుంటాయి, ఎవరో మందు కలిపారని గొడవలవుతాయి. చాలాసార్లు కారణం ఊపిరే. నీళ్లు పచ్చగా చిక్కబడితే పగలు ఆ పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తానే పీల్చుకుంటుంది. తెల్లారేసరికి మడుగులో ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళ పరిగెలు మూతి నీటిమట్టానికి పెట్టి గుటకలు వేస్తుంటే అది ఊపిరాడకే. చనిపోయేవి ముందు పరిగె, రవ్వ. బొమ్మె, మార్పు బతికే ఉంటాయి. మందు కలిపితే వేళతో పని లేకుండా పురుగులు, కప్పపిల్లలు కూడా కలిసి తేలుతాయి. ముందు ఏం చచ్చింది, ఏం బతికింది చూడండి.

ఎండు_పరకలు · జూన్ 21, ఉదయం 9:00

వండుకునే వారికి రెండు మాటలు. చేదు పేరు వచ్చినా సరిగ్గ శుభ్రం చేస్తే చేదుండదు. పొట్ట నొక్కితే పిత్తాశయం పగిలి చేదు మాంసానికి ఎక్కుతది. నొక్కకుండ, మొప్పల కింద గోరుతో చిన్నగ చీల్చి పేగును తలవైపు లాగాలె. ఎండబెట్టేటందుకు పది కిలోలకు కిలో ఉప్పు కలిపి రాత్రంతా ఉంచి, నేల మీద కాకుండ మంచం ఎత్తున కట్టిన వల మీద ఆరబెట్టాలె. కింది నుంచి గాలి తగలకపోతే లోపల తడి ఉండి పురుగు పడుతది. వానకాలం పట్టిన చేప ఎండబెట్టుకోవద్దు, చింతచిగురుల వండుకొని ఆ పూటే తినాలె.

విటమిన్ ఏ కోసం అయితే మోలా తీసుకోండి. 100 గ్రాములల్ల సుమారు 2,500 మైక్రోగ్రాములుంటది, ఎక్కువ భాగం కండ్లల్ల, పేగులల్ల. తల తీసి పారేస్తే అదీ పోతది. పరిగెల విటమిన్ ఏ అంత లేదు, ముళ్లతోని నమిలి తింటే కాల్షియం దొరుకుతది.

శిఖం_నేల · జూన్ 21, రాత్రి 8:30

అందరికీ దండాలు. ఇట్ల అనుకుంటున్న: మత్తడి పడ్డ దినం నుంచి మూడు దినాలు, పొద్దుగాల, పొద్దుమూకి, పదేసి నిమిషాలు పిల్లలు మత్తడి కింద ఎక్కే చేపలు లెక్కపెడుతరు. ఒక్కో రకం రెండేసి సీసాల దాస్తం. తప్పు ఉంటే చెప్పండి.

కృష్ణా_పాయ · జూన్ 21, రాత్రి 9:45

లెక్క పద్ధతి బాగుంది. ఒర్రె అడుగున తెల్ల పలక, మూరెడు పొడవుది, రాయి కట్టి పెట్టండి. దాని మీదుగా దాటిన చేపను మాత్రమే లెక్కపెట్టాలి, అప్పుడు ఎవరు లెక్కపెట్టినా ఒకటే వస్తుంది. వరద జోరుగా ఉన్న రోజు పిల్లలను మత్తడి కిందికి పంపకండి, కట్ట మీదే ఉంచండి.

సీసాల్లో దాచేటప్పుడు రంగులు పోతాయి, ఎర్ర పట్టీ ముందే పోతుంది. కాబట్టి బతికుండగానే పలచటి గాజు డబ్బాలో నీళ్లు పోసి, స్కేలు పక్కన పెట్టి, ఎడమ వైపు ఫొటో తీయండి. దాచడానికి ఒక వంతు ఫార్మలిన్‌కు తొమ్మిది వంతుల నీళ్లు. ఇది పిల్లల చేతికి ఇవ్వరాదు. గాలి ఆడే చోట పెద్దవాళ్లే, చేతి తొడుగులు వేసుకొని కలపాలి. వారం తరువాత నీళ్లలో కడిగి 70 శాతం ఆల్కహాలుకు మార్చండి. ఊరు, కుంట పేరు, తేదీ రాసిన చీటీ సీసా లోపలే ఉండాలి, పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. పేరు తేల్చుకోలేని చేప ఉంటే హైదరాబాద్‌లో భారత ప్రాణి సర్వేక్షణ సంస్థ మంచినీటి జీవుల ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ చూపించొచ్చు. అమ్రాబాద్ అడవి వాగుల జోలికి మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు.

లకుముకి · జూన్ 21, రాత్రి 10:10

ఒక్క చిన్న సంగతి. పరిగె జాతికి గాలితిత్తి నుంచి చెవి దాకా సన్నని ఎముకల గొలుసు ఉంటుంది, అడుగుల చప్పుడు బాగా వింటుంది. పిల్లలు కట్ట మీద ఉరుకుతూ వచ్చి లెక్కపెడితే మొదటి నిమిషంలో ఒక్కటీ కనిపించదు. వచ్చి కూర్చున్నాక ఐదు నిమిషాలు ఆగి అప్పుడు గడియారం చూడమనండి. పొద్దున పడమటి గట్టున, సాయంత్రం తూర్పు గట్టున కూర్చుంటే నీడ నీళ్ల మీద పడదు.

మత్తడి_కాడ · జూన్ 21, రాత్రి 10:25

ఇంకోటి తమ్మీ, పొలుసు ఊడిన చేపను మళ్ల అక్కడనే ఇడవకుండ్రి. గాయమైన తోలు నుంచి వాసన నీళ్లల్ల కలుస్తది, అది తగలంగనే కిందున్న గుంపంతా ఎనకకు మళ్లుతది, ఆ పూట మళ్ల ఎక్కదు. ఆ పూట లెక్క అయినంకనే ఇడవాలె.

శిఖం_నేల · జూన్ 21, రాత్రి 10:40

అట్లనే అన్నా. పలక, గాజు డబ్బ రేపే తెస్త. మబ్బు కట్టి ఉంది ఇయ్యాల.